ప్రమాదం ఎవరి ఏమరుపాటు?

పత్రికల లోపలి పేజీల్లో తరచు కనిపించే వార్త ఒకటి ఉంది. ఫలానా పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టులో యంత్రంలో పడి ఒక కార్మికుని చెయ్యి తెగింది. లేదా రియాక్టరు పేలి నలుగురు చనిపోయారు. లేదా ట్యాంకులోకి దిగినవాడు మళ్ళీ పైకి రాలేదు. చివర ఒక వాక్యం ఉంటుంది: కార్మికుని అజాగ్రత్తే కారణమని ప్రాథమిక విచారణలో తేలిందని. ఆ ప్రాథమిక విచారణ తర్వాత జరగవలసిన రెండో విచారణ ఏమయిందో రాసినవారు చెప్పరు, చదివినవారు అడగరు.

అసలు మనం వాడే మాటలోనే ఒక తీర్పు దాగి ఉన్నది. సంస్కృతంలో ‘ప్రమాదం’ అంటే ఏమరుపాటు, పరాకు. ‘అప్రమత్తత’ అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ మనకు వినిపిస్తుంది. తెలుగులో ఆ మాట క్రమంగా ‘ఆపద’ అనే అర్థంలోకి జారింది. కాని పాత అర్థం పూర్తిగా చావలేదు. ఆపద జరిగిందంటే ఎవరో ఏమరి ఉంటారని మాటే ముందుగా చెప్పేస్తున్నది. ఆ ఏమరినవాడు ఎప్పుడూ యంత్రం ముందు నిలబడ్డవాడే ఎందుకవుతున్నాడు? యంత్రాన్ని కొన్నవాడు, పని గంటలు నిర్ణయించినవాడు, కాపలా రేకు ఊడదీయించినవాడు ఎందుకు కావడం లేదు?

ఒక సాహిత్య పత్రికలో ఈ చర్చ దేనికని కొందరికి అనిపించవచ్చు. శ్రామిక జీవితాన్ని వస్తువుగా తీసుకున్న రచయితలకు ఇది వృత్తిగత సమస్య. మన కథల్లో చెయ్యి తెగడం ఒక సంఘటన మాత్రమే. అక్కడి నుంచి కథ ఆసుపత్రికి, పరిహారానికి, ఇల్లాలి కన్నీళ్ళకు సాగిపోతుంది. చెయ్యి ఎట్లా తెగిందన్న చోట కథ ఆగదు. ఆగకపోవడానికి కారణం సానుభూతి లేకపోవడం కాదు, ఆ పని తెలియకపోవడం. తెలియనిచోట మనం కూడా విధినో, పరాకునో ఆశ్రయిస్తాం. అంటే యజమాని వాదాన్నే మనకు తెలియకుండా కథలో పెడతాం.

పనిచోట గాయాలను నివారించడానికి పరిశ్రమ రెండు మార్గాలను పెంచుకున్నది. ఒకటి, మనుషులను పరీక్షించి, వడపోసి, తగినవారిని మాత్రమే పనిలో పెట్టడం. రెండు, పనిచోటనే మార్చడం. మొదటిది ‘ఈ పనికి తగిన మనిషి ఎవరు?’ అని అడుగుతుంది. రెండోది ‘ఈ పని మనిషికి తగినదేనా?’ అని అడుగుతుంది. రెండూ అవసరమే. అయితే రెండో ప్రశ్నను ఎగవేయడానికి మొదటి ప్రశ్నను వాడుకోవడమే ఇందులోని అసలు రాజకీయం. ఈ వ్యాసం చెప్పదలచినది అదే.

కన్నును పరీక్షించారు, నిద్రను కాదు

1875 నవంబరు 15న స్వీడన్‌లో లాగర్‌లుండా అనే చోట రెండు రైళ్ళు ఎదురెదురుగా ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. ఉప్సాలా విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం బోధించే ఫ్రితియోఫ్ హోమ్‌గ్రెన్ ఈ దుర్ఘటన గురించి ఆలోచిస్తూ ఒక అనుమానం వెలిబుచ్చాడు. సిగ్నలు దీపాల రంగును రైలు సిబ్బంది సరిగా గుర్తించలేకపోయి ఉంటే? పుట్టుకతో కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. తమకు తెలియదన్న సంగతి కూడా వారికి తెలియకపోవచ్చు. రంగురంగుల ఊలు దారాల చుట్టలు ముందు పోసి, ఒక రంగుకు దగ్గరగా ఉన్నవాటిని ఏరమని అడిగే పరీక్షను ఆయన తయారు చేశాడు. ఒక రైలు మార్గంలో 266 మంది సిబ్బందిని పరీక్షిస్తే 13 మందిలో రంగుల లోపం బయటపడింది. కొద్ది సంవత్సరాల్లోనే అనేక దేశాల రైల్వేలు ఈ పరీక్షను చేపట్టాయి. తర్వాత 1917లో జపాన్‌లో ఇషిహారా తయారు చేసిన చుక్కల పటాలు వచ్చాయి. మన రైల్వేలో ఇంజను నడిపేవారికి ఇప్పటికీ ఆ పటాలతో కన్ను పరీక్ష జరుగుతుంది.

ఇది సదుద్దేశంతో పుట్టిన పరీక్ష. దీనివల్ల మేలు జరిగింది, దాన్ని కాదనడం మూర్ఖత్వం. కాని ఇటీవల 2012లో ఇద్దరు పరిశోధకులు పాత కాగితాలన్నీ తిరగేసి, లాగర్‌లుండా దుర్ఘటనకు రంగుల లోపమే కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవని చూపించారు. పరీక్ష సరైనదే. దానికి పుట్టుకనిచ్చిన కథ మాత్రం నిలవలేదు.

లాగర్‌లుండాకు దాదాపు పదేళ్ళ ముందు లండన్‌లో మరో రైలు దుర్ఘటన విచారణకు వచ్చింది. మార్క్స్ ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో, పనిదినం గురించిన అధ్యాయంలో, దాన్ని ఉదహరించాడు. గార్డు, ఇంజను డ్రైవరు, సిగ్నలుమన్ ముగ్గురూ నిర్లక్ష్యం నేరం మీద జ్యూరీ ముందు నిలబడ్డారు. పదీ పన్నెండేళ్ళ కిందట తమ పని రోజుకు ఎనిమిది గంటలేనని, గత ఐదారేళ్ళలో దాన్ని పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవై గంటలకు పెంచారని, ప్రయాణికుల రద్దీ ఎక్కువైన సెలవు రోజుల్లో నలభై, యాభై గంటలు ఏకబిగిన పని చేయించారని చెప్పుకున్నారు. ఒక హద్దు దాటాక మెదడు ఆలోచించదు, కళ్ళు చూడవని వారి వాదన.

ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు చూడగల కన్నును పరిశ్రమ వెంటనే పరీక్షించడం నేర్చుకుంది. ఆ కన్ను ఎన్ని గంటలుగా తెరుచుకుని ఉన్నదో పరీక్షించడం మాత్రం నేర్చుకోలేదు. మొదటి పరీక్షకు కొన్ని ఊలు చుట్టలు చాలు. రెండో పరీక్షకు ఇంకా ఎక్కువ మందిని పనిలో పెట్టుకోవాలి.

ఇది పాత కథ కాదు. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్ళు ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. వెనుక నుంచి వచ్చి ఢీకొన్న రైలు ఇంజను సిబ్బంది కూడా మృతుల్లో ఉన్నారు. కొద్ది నెలలకు రైల్వే మంత్రి, ఆ సిబ్బంది ఫోనులో క్రికెట్ చూస్తున్నారని బహిరంగంగా చెప్పారు. ఆ రోజు ఆ మార్గంలో ఆటోమేటిక్ సిగ్నళ్ళు పాడై ఉన్నాయన్నది దర్యాప్తులో ఉన్న విషయం. పాడైన సిగ్నలును దాటవలసిన తీరులో సిబ్బంది దాటలేదన్నదీ దర్యాప్తులో ఉన్నదే. సిబ్బంది తప్పును మనం దాచనక్కరలేదు. కాని జనం నాలుకల మీద నిలిచింది క్రికెట్టు, పాడైన సిగ్నలు కాదు.

‘ప్రమాదశీలి’ అనే మనిషి

నిందను శాస్త్రంగా మార్చే ప్రయత్నం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసిన స్త్రీల గాయాల లెక్కలను గ్రీన్‌వుడ్, వుడ్స్ అనే ఇద్దరు పరిశీలించి 1919లో నివేదిక ఇచ్చారు. కొద్దిమందికే ఎక్కువ గాయాలు తగులుతున్నాయన్నది వారి గమనిక. 1926లో ఫార్మర్, ఛేంబర్స్ అనే మనోవిజ్ఞానవేత్తలు ఈ గుణానికి ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే ‘ప్రమాదశీలత’. స్వభావరీత్యానే గాయాల పాలయ్యే మనిషి ఒకడుంటాడు, వాడిని ముందే పట్టుకుని పనిలోంచి తప్పిస్తే గాయాలు తగ్గుతాయి అన్నది సిద్ధాంతం. యజమానులకు ఇంతకన్నా తియ్యని సిద్ధాంతం ఏముంటుంది?

ఇందులోని లోపాన్ని గ్రహించడానికి గణితశాస్త్రం రానక్కరలేదు. గళ్ళు గీసిన నేల మీద గుప్పెడు బియ్యం చల్లండి. కొన్ని గళ్ళలో ఒక్క గింజా పడదు, కొన్నింట్లో నాలుగైదు పడతాయి. ఎక్కువ గింజలు పడ్డ గడికి ఏదో స్వభావం ఉన్నదని ఎవరూ అనరు. అదీగాక షెడ్డులో అందరికీ ఒకే యంత్రం ఉండదు. పాత యంత్రం, వెలుతురు లేని మూల, రాత్రి షిఫ్టు ఎవరికి దక్కుతాయో గాయాలూ వారికే దక్కుతాయి. 1951లో ఆర్బస్, కెరిచ్ అనేవారు ఈ సిద్ధాంతాన్ని తూర్పారబట్టి, గాయాల లెక్కలు ఒక్కటే చూసి మనిషి స్వభావాన్ని తేల్చలేమని చూపారు. అయినా సిద్ధాంతం మేనేజరుల నోళ్ళలో బతికే ఉన్నది.

1931లో అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీ ఉద్యోగి హైన్రిక్ ఒక పుస్తకం రాశాడు. నూటికి 88 గాయాలకు కార్మికుని అసురక్షిత చేష్టే కారణమని, 10 మాత్రమే యంత్రాల, పరిసరాల లోపమని అందులో చెప్పాడు. భద్రతా శిక్షణ తరగతుల్లో ఆ 88ని నేటికీ వేదంలా చెబుతారు. ఆ లెక్క దేనినుంచి తీశారు? పరిశ్రమలు, ఇన్సూరెన్సు కంపెనీలు దాచిన ఫైళ్ళ నుంచి. ఆ ఫైళ్ళలో కారణం రాసేది ఎవరు? సూపర్‌వైజరు. గడి ఖాళీ వదలకూడదు గనుక ‘అజాగ్రత్త’ అని రాస్తాడు. తన మీదికి, తన పై అధికారి మీదికి వచ్చే మాట ఎందుకు రాస్తాడు?

దీనికి ఇరవై ఏళ్ళ ముందే క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే యువ న్యాయవాది వేరే పద్ధతిలో పనిచేసింది. పిట్స్‌బర్గ్ నగరమున్న అలెగెనీ కౌంటీలో 1906 జూలై నుంచి ఒక్క ఏడాదిలో పనిలో చనిపోయిన 526 మంది వివరాలను సేకరించింది. వారిలో 195 మంది ఉక్కు కార్మికులు, 125 మంది రైల్వేవారు, 71 మంది గని కార్మికులు. ఆమె ఫైళ్ళతో ఆగలేదు. బతికున్న తోటి కార్మికులను, ఇళ్ళలోని వారిని కలుసుకుని అడిగింది. 1910లో వెలువడిన ఆమె పుస్తకం, కార్మికుని అజాగ్రత్తే ప్రధాన కారణమన్న నమ్మకాన్ని పటాపంచలు చేసింది. అజాగ్రత్త అని రాసిన చోటల్లా వేగం, అలసట, రొద, రోజూ ఆపద పక్కన నిలబడటం వల్ల వచ్చే అలవాటు ఉన్నాయని చూపింది. అమెరికాలో పరిహార చట్టాలకు ఆ గ్రంథం దోహదం చేసింది. రచయితలు ఈమె పద్ధతిని గమనించాలి. ఫైలు చెప్పిన కథకూ, ఇల్లు చెప్పిన కథకూ మధ్యనున్న తేడాలోనే ఆమెకు వస్తువు దొరికింది.

పనిని మార్చకుండా మనిషిని మార్చడం

వడపోత ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. అమెరికాలో వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలాండ్ అనే చోట ఒక రంగుల కర్మాగారంలో సీసం వాడే విభాగం ఉండేది. సీసం గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది. 1978లో కంపెనీ స్త్రీ కార్మికులకు చెప్పిందేమంటే, ఇక గర్భం రాదని రుజువు చేసుకున్నవారే ఆ విభాగంలో ఉండవచ్చని. ఐదుగురు స్త్రీలు ఉద్యోగం నిలుపుకోవడానికి గర్భనిరోధ శస్త్రచికిత్స చేయించుకున్నారు. కొద్ది కాలానికే కంపెనీ ఆ విభాగాన్నే మూసేసింది.

సీసం పురుషుల రక్తంలోకి వెళ్ళదా? వారి నరాలను, మూత్రపిండాలను దెబ్బతీయదా? గాలిలో సీసం తగ్గించే ఏర్పాటు చేస్తే అందరికీ క్షేమమే. కాని దానికి ఖర్చవుతుంది. అందువల్ల గాలిని శుభ్రపరచకుండా స్త్రీ దేహాన్ని ‘శుభ్రపరచారు’. 1991లో అమెరికా సుప్రీంకోర్టు, బ్యాటరీలు చేసే మరో కంపెనీ కేసులో, ఇలాంటి నిషేధాలు చెల్లవని తీర్పు చెప్పింది.

ఇంత దూరం పోనక్కరలేదు. మన దేశంలో అన్నిటికన్నా పాత వడపోత పరీక్ష కులం. మురుగు గొయ్యిలోకి ఎవరు దిగాలో ఏ వైద్యుడూ నిర్ణయించలేదు, పుట్టుక నిర్ణయించింది. 2013 నాటి చట్టం చేతితో పాకీపని చేయించడాన్ని, రక్షణ పరికరాలు లేకుండా మురుగుకాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించడాన్ని నిషేధించింది. సుప్రీంకోర్టు 2014లో ఇటువంటి మరణాలకు 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచాలని చెప్పింది. పరిహారం పెరిగింది, దిగేవాళ్ళ కులం మాత్రం మారలేదు.

అయితే పరీక్షలు వద్దా?

వద్దనడం లేదు. వైద్య పరీక్ష కార్మికుని హక్కు. అది ఎవరి చేతిలో, ఎందుకు ఉన్నదన్నదే ప్రశ్న.

పరీక్షలు మూడు రకాలు. పనిలో చేరే ముందు చేసేది మొదటిది. క్రేను నడిపేవారికి చూపు, ఎత్తున పనిచేసేవారికి తల తిరగడం, మూర్ఛ వంటివి ఉన్నాయేమో చూస్తారు. దీనికి మరో ప్రయోజనం ఉన్నది. చేరేనాటికి వినికిడి బాగున్నదని, ఊపిరితిత్తులు బాగున్నాయని కాగితం మీద ఉంటే, పదేళ్ళ తర్వాత చెడినప్పుడు పని వల్లనే చెడిందని రుజువు చేయవచ్చు. రెండోది నిర్ణీత కాలానికొకసారి చేసే పరీక్ష. సీసం పనివారికి రక్త పరీక్ష, రొదలో పనిచేసేవారికి చెవి పరీక్ష, రాతి దుమ్ములో పనిచేసేవారికి ఛాతీ ఎక్స్‌రే. మూడోది గాయమో, జబ్బో తగిలిన తర్వాత తిరిగి ఏ పని ఇవ్వవచ్చో నిర్ణయించే పరీక్ష.

ఇక్కడ ఒక నిజం గుర్తుంచుకోవాలి. రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఎక్స్‌రేలో మచ్చ కనబడేసరికి జబ్బు లోపలికి వచ్చేసింది. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో పలక బలపాలు కోసే కార్మికులను జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశీలించినప్పుడు సగం మందికి పైగా ఈ జబ్బు కనిపించింది. మన పిల్లలు అక్షరాలు దిద్దిన బలపం వెనుక ఉన్న ఊపిరి అది. అంటే పరీక్ష జబ్బును ఆపలేదు, పనిచోట ఏదో తప్పు జరుగుతున్నదని కేక వేసింది. ఆ కేక విని దుమ్మును అణచాలి. కేక వేసినవాణ్ణి ఇంటికి పంపి, ఆ స్థానంలో కొత్త ఊపిరితిత్తులను తెచ్చి నిలబెడితే అది నివారణ కాదు, మనుషులను ఒకరి తర్వాత ఒకరిని వాడి పారేయడం.

పత్తి దుమ్ము వల్ల వచ్చే జబ్బు ఇంకో పాఠం చెబుతుంది. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి రాగానే ఛాతీ బిగిసిపోవడం దాని మొదటి గుర్తు. 1950లలో లంకాషైర్ మిల్లుల్లో షిల్లింగ్ అనే వైద్యుడు ఈ జబ్బును గుర్తించే పద్ధతిని రూపొందించినప్పుడు, ‘సోమవారం ఛాతీ బిగుస్తుందా?’ అన్న ప్రశ్నే దానికి కీలకమయింది. ఆ సంగతి మిల్లు కార్మికులకు తరతరాలుగా తెలుసు. వైద్యశాస్త్రం వారిని అడిగి నేర్చుకున్నది. ఆదోని, గుంటూరు జిన్నింగు మిల్లుల పక్కన బతికే మన రచయితలు ఆ ప్రశ్న ఎన్నిసార్లు అడిగారు?

కాబట్టి ఏ పరీక్షనైనా నాలుగు ప్రశ్నలతో తూచవచ్చు. ఈ పరీక్ష ఈ పనిలోని ఏ ఆపదకు సంబంధించినది? ఫలితం కార్మికుని చేతికి ఇస్తున్నారా, యజమాని సొరుగులోనే ఉంటున్నదా? లోపం కనబడ్డవానికి జీతం తగ్గకుండా వేరే పని ఇస్తున్నారా, గేటు చూపిస్తున్నారా? ఆ ఫలితాన్ని చూసి పనిచోట ఏం మార్చారు? నాలుగో ప్రశ్నకు జవాబు లేని పరీక్ష వడపోత మాత్రమే.

చెయ్యి ఎట్లా నిలుస్తుంది

ఇప్పుడు పనిచోటును చూద్దాం. బాలానగర్ వంటి చోట్ల చిన్న షెడ్లలో కనబడే పవర్ ప్రెస్‌ను తీసుకోండి. రేకు ముక్కను డై మీద చేత్తో పెట్టాలి, కాలితో పెడలు తొక్కాలి, పైనుంచి బరువు దిగి రేకును కత్తిరిస్తుంది. చెయ్యి పెట్టడం, కాలు తొక్కడం రోజుకు వేలసార్లు. కాలికీ చేతికీ మధ్య లయ ఒక్కసారి తప్పితే చాలు, వేళ్ళు పోతాయి. వేలసార్లలో ఒక్కసారి లయ తప్పడం ఏమరుపాటు కాదు, అది మనిషి శరీర ధర్మం. దాన్ని లెక్కలోకి తీసుకోని యంత్రమే ఏమరింది.

దీనికి మందులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. అన్నిటికన్నా పై మెట్టు, చెయ్యి పెట్టవలసిన అవసరమే లేకుండా రేకును యంత్రమే అందుకునేటట్లు చేయడం. రెండో మెట్టు, పెడలు తీసేసి రెండు మీటలు పెట్టడం. రెండు చేతులతో రెండు మీటలూ ఒకేసారి నొక్కితేనే బరువు దిగుతుంది, అప్పుడు చెయ్యి డై కింద ఉండే వీలే లేదు. లేదా కాంతి కిరణాల తెర పెడితే, చెయ్యి అడ్డం రాగానే యంత్రం ఆగుతుంది. మూడో మెట్టు, డై చుట్టూ కాపలా గార్డు. నాలుగో మెట్టు, శిక్షణ, విశ్రాంతి, షిఫ్టుల సవరణ. అట్టడుగు మెట్టు చేతి తొడుగులు, హెచ్చరిక బోర్డులు. పై మెట్టు ఎక్కేకొద్దీ కార్మికుని అప్రమత్తత మీద ఆధారపడటం తగ్గుతుంది, యజమాని ఖర్చు పెరుగుతుంది. అందుకే మన షెడ్లలో బోర్డులు విరివిగా కనిపిస్తాయి, రెండు మీటలు కనిపించవు. ‘జాగ్రత్తగా పని చేయండి’ అని గోడ మీద రాయడానికి డబ్బా రంగు చాలు.

గార్డును కార్మికుడే ఊడదీశాడని ఫోర్‌మన్ అంటాడు. నిజమే కావచ్చు. పీసు రేటు మీద బతికేవానికి గార్డు ఉంటే గంటకు ముక్కలు తగ్గుతాయి. ఆ రేటు కట్టింది ఎవరు? రేటు గార్డు కన్నా బలమైనది. ఆ బలాన్ని చూపించగలిగితే కథ అక్కడే మొదలవుతుంది.

సెప్టిక్ ట్యాంకు విషయానికి వస్తే, అక్కడ అనుభవం కూడా రక్షించదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది గదా అని దిగినవాడు క్షణాల్లో కూలిపోతాడు. అతన్ని తీయడానికి రెండోవాడు, మూడోవాడు దిగి చనిపోతారు. ఇందులో అజాగ్రత్త ఎక్కడ? తోటివాని మీది ప్రేమే వారిని దించింది. దిగే ముందు గాలిని పరికరంతో కొలవడం, తాజా గాలి పంపడం, నడుముకు తాడు, పైన ఒక మనిషి కాపలా, లోపలికి దిగకుండానే బయటికి లాగే ఏర్పాటు. అన్నిటికీ మించి యంత్రంతో శుభ్రం చేయించి మనిషిని దించకుండా ఉండటం. ఇవన్నీ ఎప్పటినుంచో తెలిసిన పద్ధతులే.

చట్టం ఇచ్చింది, తీసుకున్నది

1948 ఫ్యాక్టరీల చట్టం తిరిగే యంత్రభాగాలకు కంచె కట్టాలన్నది. ఇరుకు గదుల్లోకి, ట్యాంకుల్లోకి పరీక్షించకుండా దించరాదన్నది. గాయాలను, వృత్తి వ్యాధులను ప్రభుత్వానికి తెలపాలన్నది. భోపాల్ తర్వాత 1987లో చేర్చిన సెక్షన్లు ఇంకా ముందుకు పోయాయి. ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టే ముందు, ఆపైన పన్నెండు నెలలు మించకుండా వైద్య పరీక్ష చేయించాలి. ఆరోగ్య రికార్డులు కార్మికునికి అందుబాటులో ఉండాలి. కార్మికులకు సమాన భాగం ఉన్న భద్రతా కమిటీ ఉండాలి. ముంచుకొచ్చే ఆపదను కార్మికుడు ఎత్తి చూపే హక్కు ఉండాలి.

2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నది. ఉచిత వార్షిక ఆరోగ్య పరీక్ష అందులో కొత్తగా చేరిన మంచి అంశం. కాని కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అనే నిర్వచనం ఇరవైకి, కరెంటు లేని చోట ఇరవై నలభైకి పెరిగింది. ప్రెస్ షెడ్డులో వేళ్ళు పోగొట్టుకునేవారు ఎక్కువగా ఉండేది ఆ పదికీ ఇరవైకీ మధ్యనే. ఏడాదికొక కాంట్రాక్టరు మారే కార్మికుని ఎక్స్‌రే ఎవరి ఫైలులో ఉంటుందన్నది మరో ప్రశ్న. పరీక్ష పెరిగి, పరీక్షకు లోబడే యజమాని తగ్గితే లాభమెవరికి?

భోపాల్ పేరు వచ్చింది గనుక ఆ సంగతితో ముగిస్తాను. 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు వెలువడే నాటికి ట్యాంకును చల్లబరిచే యంత్రం నెలల తరబడి ఆపివేసి ఉన్నది. వాయువును కడిగే స్క్రబ్బరు పనిలో లేదు. వాయువును మండించే గోపురానికి పోయే గొట్టం విప్పి ఉన్నది. ఆ యూనిట్లో షిఫ్టుకు పన్నెండు మంది చేసే పనికి ఆరుగురిని ఉంచారు. మూడేళ్ళ ముందే అదే కర్మాగారంలో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. ఇవన్నీ రికార్డయిన విషయాలు. అయినా కంపెనీ లోకానికి చెప్పిన కథ ఏమిటి? ఎవరో అసంతృప్తి చెందిన కార్మికుడు కావాలని ట్యాంకులోకి నీళ్ళు వదిలాడని. వేల ప్రాణాలకు కూడా ఒక కార్మికుని పరాకో, పగో జవాబుదారీ అయింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో యాభై మంది వరకు పోయినప్పుడు మనం ముందుగా వెతకవలసింది ఇటువంటి ఆపివేసిన యంత్రాలను, తగ్గించిన మనుషులను.

సింగరేణి బొగ్గుబావుల జీవితాన్ని కథల్లోకి తెచ్చిన అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి వంటివారు పని తెలిసిన రచన ఎట్లా ఉంటుందో చూపారు. అమెరికాలో మ్యూరియల్ రుకైజర్, హాక్స్ నెస్ట్ సొరంగంలో సిలికోసిస్‌తో చనిపోయిన కార్మికుల మీద 1938లో దీర్ఘకవిత ప్రచురించింది. సొరంగం దగ్గరికి పోయి, విచారణ కాగితాలు చదివి, ఆ సాక్ష్యాలనే కవితకు ముడిసరుకు చేసుకున్నది. తడిపి తొలిస్తే దుమ్ము లేవదు. పొడిగా తొలిస్తే పని త్వరగా అవుతుంది. ఆ సొరంగంలో పొడిగా తొలిచారు. ఇంత చిన్న సాంకేతిక వివరంలో వందల చావులు ఉన్నాయి. ఆ వివరం తెలియని కవికి అక్కడ శోకం మాత్రమే దొరుకుతుంది.

కాబట్టి ఇకమీద చెయ్యి తెగిన కార్మికుని గురించి రాయబోయే యువ రచయిత కొన్ని సంగతులు తెలుసుకుని కలం పట్టాలి. అది అతనికి ఆ షిఫ్టులో ఎన్నో గంట? ఆ యంత్రానికి గార్డు ఉండేదా, ఎప్పుడు తీశారు? ముక్కకు ఎంత రేటు? అతన్ని చివరిసారి ఎవరు పరీక్షించారు, ఆ కాగితం ఎక్కడుంది? అదే యంత్రం మీద అతనికి ముందు ఎవరి వేళ్ళు పోయాయి? ఈ జవాబులు సంపాదించడం కష్టమే. గేటు దగ్గర వాచ్‌మన్ పోనివ్వడు. టీ బడ్డీ దగ్గర కూర్చుంటే మాత్రం అన్నీ తెలుస్తాయి. ఎందుకంటే కార్మికులకు అవన్నీ తెలుసు, వారిని అడిగినవారే లేరు.

ఫైలులో ప్రాథమిక విచారణ ముగిసిపోతుంది. రెండో విచారణ జరపడం మన పని.